ద్వారకానగర్‌లోని ఒక డేటా రికవరీ దుకాణం: డీటీపీ ఆపరేటర్ అనుభవం

విశాఖపట్నం అల్లిపురంలోని మా డీటీపీ సెంటర్‌లో పన్నెండేళ్లుగా నడుస్తున్న కంప్యూటర్ మొన్న ఆషాఢం చివరి వారంలో ఒక సోమవారం ఉదయం లేవలేదు. శుభలేఖల పనిలో ఉన్నవాళ్లకు ఆషాఢం చేతులు ఖాళీగా ఉండే నెల, శ్రావణం భోజనానికి కూడా లేవడానికి వీలుపడని నెల. ఆ రెండింటి సందులో యంత్రం పడకేస్తే ఎలా ఉంటుందో ఈ పని తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ యంత్రంలోని ఫైళ్లను తిరిగి తీసి ఇచ్చిన ద్వారకానగర్ దుకాణం గురించి, ఆరు రోజుల్లో వాళ్లు చేసినదీ, చేయకుండా ఆగినదీ చాలావరకు దగ్గరుండి చూసిన మనిషిగా ఇది రాస్తున్నాను. మెచ్చుకోలుతోపాటు ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు. డైమండ్ పార్కు నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక మందుల దుకాణం మీది మొదటి అంతస్తులో, చెప్పులు బయట విడిచి వెళ్లాల్సిన చిన్న గది అది.

ఆ యంత్రంలో ఏముందో ముందు చెప్పాలి. 2003 నుంచి మేము అచ్చుకు పంపిన శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, పెద్దకర్మ కార్డులు, వినాయక చవితి కమిటీల రసీదు పుస్తకాలు, రెండు మూడు పాఠశాలల వార్షిక సంచికలు, అన్నీ పాత కంప్యూటర్ల నుంచి మారుతూ మారుతూ వచ్చి ఇందులో స్థిరపడ్డాయి. "మా పెద్దమ్మాయి పెళ్లికి మీరు వేసిన కార్డే కావాలి, పేర్లు మార్చండి చాలు" అంటూ పదిహేనేళ్ల తరువాత వచ్చే ఇళ్లు మాకు చాలానే ఉన్నాయి. పాత ఫైలు ఉంటే అది పావుగంట పని, లేకపోతే ఒక పూట పని. ఈ ఫైళ్లలో ఎక్కువ భాగం పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో, అను అనే పాత తెలుగు ఫాంట్లతో చేసినవి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ అయిన 7.0 వచ్చినది 2001లో; అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991 నుంచే చోటు ఉన్నా, మా అచ్చు పని మాత్రం పాత ఫాంట్ల మీదే నడిచింది. అందుకే 2020 జనవరి 14తో మైక్రోసాఫ్ట్ చేతులు దులుపుకున్న విండోస్ 7ను మేము వదులుకోలేదు. నెట్ కనెక్షన్ ఇవ్వకుండా, కేవలం ఈ పనికోసమే దాన్ని ఉంచుకున్నాం.

బ్యాకప్ ఏదని ఎవరైనా అడుగుతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లిన తరువాత మూడేళ్లపాటు నెలనెలా ఒక బయటి డిస్కులోకి కాపీ చేసుకున్నాం. భయం తగ్గినకొద్దీ నెల కాస్తా సంవత్సరమైంది. చివరికి ఆ డిస్కును మా మరిది సినిమాలు వేసుకోవడానికి పట్టుకుపోయి, ఖాళీ చేసుకుని, మరీ శుభ్రంగా తిరిగి తెచ్చి ఇచ్చాడు.

సోమవారం ఉదయం బటన్ నొక్కితే సీపీయూ లోపలి ఫ్యాను తిరిగింది, మానిటర్ వెలిగింది, నల్లటి తెర మీద ఒకే ఒక వాక్యం: సరైన బూట్ డివైస్ ఎంచుకొని రీబూట్ చేయమని, అంటే విండోస్ ఉన్న డిస్కు తనకు కనిపించడం లేదని. మాలాంటి వాళ్లందరికీ తెలిసిన వైద్యం మొదట చేశాను. ర్యామ్ ఊడదీసి, దాని బంగారు కాళ్లను పెన్సిలు రబ్బరుతో తుడిచి, మళ్లీ టక్కుమనేదాకా నొక్కి పెట్టాను. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది మూఢనమ్మకం కాదు, ఈ పన్నెండేళ్లలో నాలుగైదుసార్లు పనిచేసింది. ఈసారి పనిచేయలేదు. డిస్కు కేబుల్ మార్చి చూశాను. అప్పుడు వినిపించింది ఆ శబ్దం, గోడ గడియారంలోని సెకన్ల ముల్లు ఒకేచోట తన్నుకుంటున్నట్టు ఆగి ఆగి టిక్కు, టిక్కు. అప్పుడే ప్లగ్గు పీకేసి ఉండవలసింది. ఇంకొకసారి, ఇంకొకసారి అంటూ ఆరుసార్లు ఆన్ చేశాను.

మధ్యాహ్నం మా వీధిలో ఎప్పుడూ వచ్చే మెకానిక్కుకు కబురు చేశాను. మనిషి మంచివాడే, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) మార్చడంలోనూ ప్రింటర్ రోలర్లు శుభ్రం చేయడంలోనూ అతన్ని మించినవాడు మాకు దొరకలేదు. అతను చూసి, "విండోస్ పోయిందక్కా, ఫార్మాట్ కొట్టి కొత్తది వేసేద్దాం, డి డ్రైవ్‌కి ఏమీ కాదు" అన్నాడు. డి డ్రైవ్‌కి ఏమీ కాదు అనే ఈ మాటను మన ఊళ్లో ఎన్ని దుకాణాల్లో విన్నానో లెక్కలేదు. విండోస్ మాత్రమే చెడినప్పుడు అది నిజమే. కానీ సి, డి అనేవి రెండు డిస్కులు కావు. ఒకే డిస్కు మీద గీసుకున్న గట్లు. పొలమంతా చవుడెక్కుతుంటే గట్టుకు అవతలి మడి ఎలా క్షేమంగా ఉంటుంది? ఫార్మాట్‌కు నేను ఒప్పుకోలేదు గాని, డిస్కును అతని కంప్యూటర్‌కు తగిలించి "స్కాన్ చేసి సరిచేయమంటావా" అని విండోస్ అడిగినప్పుడు అతను సరే నొక్కుతుంటే ఊరుకున్నాను. చెక్ డిస్క్ అనే ఆ ప్రక్రియ పదకొండు శాతం దగ్గర గంటకు పైగా నిలబడిపోయింది. ఆ గంటసేపూ టిక్కు టిక్కు వినిపిస్తూనే ఉంది. ఇందులో అతని తప్పు ఎంతో నా తప్పు కూడా అంతే.

ఆ గంట ఎందుకు ఖరీదైనదో తరువాత అర్థమైంది. మా డిస్కు నిమిషానికి 7,200 సార్లు తిరిగే రకం, అంటే సెకనుకు 120 చుట్లు. చదివే హెడ్డు, డేటా ఉండే పళ్లెం ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎడంలో తేలుతూ ఉంటుంది. ఒకచోట చదవడం కష్టమైతే డిస్కు తనంతట తానే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ప్రయత్నించిన ప్రతిసారీ బలహీనపడిన హెడ్డు ఇంకొంచెం అరుగుతుంది. పైగా చెక్ డిస్క్ పని ఫైళ్లను కాపాడటం కాదు, ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిపెట్టడం. లెక్కకు రాని ఫైళ్లను అది పేర్లు తీసేసి ఒక మూల ఫోల్డర్‌లో పడేస్తుంది, ఆ రాతంతా చచ్చిపోతున్న ఆ డిస్కు మీదే రాస్తుంది. ఫైళ్లు కావాలనుకున్నప్పుడు డిస్కు మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠమట.

మంగళవారం ఉదయం డిస్కును తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని ద్వారకానగర్ వెళ్లాను. అక్కడి కుర్రవాడికి ముప్పై ఏళ్లుంటాయేమో. డిస్కు చేతికి ఇవ్వగానే తగిలించి చూస్తాడనుకున్నాను. చూడలేదు. బల్ల మీద పెట్టి, కాగితం తీసి, "మేడమ్, ఆగిపోయిన తరువాత ఎన్నిసార్లు ఆన్ చేశారు? కింద పడిందా? శబ్దం ఎలా ఉంది? ఎవరైనా రిపేరు ప్రయత్నించారా?" అని వరుసగా అడిగి రాసుకున్నాడు. ఆరుసార్లు అని చెప్పడానికి సిగ్గేసింది, చెక్ డిస్క్ సంగతి చెప్పినప్పుడు అతను ఒక నిట్టూర్పు విడిచి అదీ రాసుకున్నాడు. డిస్కు సీరియల్ నంబరు, నాకు అన్నింటికన్నా ముందుగా కావలసిన ఫోల్డర్ల పేర్లు ఐదింటిని కాగితం మీద రాయించి, సంతకం పెట్టించి, నకలు నాకిచ్చాడు.

డబ్బు విషయం కూడా పని మొదలుకాకముందే తేల్చాడు. పరీక్షకు 500 రూపాయలు, పని ఒప్పుకుంటే అది మొత్తంలో కలిసిపోతుంది. చెడిన చోట్లు దాటుకుంటూ కాపీ తీయగలిగితే 5,500, జీఎస్‌టీ అదనం. కాపీ వేసుకోవడానికి కొత్త డిస్కు నేనే కొనుక్కురావాలి. హెడ్డు పూర్తిగా పోయి ఉంటే మాత్రం డిస్కును విప్పాలి, దానికి దుమ్ము లేని క్లీన్ రూమ్ కావాలి, అది తన దగ్గర లేదు, హైదరాబాద్‌కో చెన్నైకో పంపాలి, ఖర్చు ఎన్నో రెట్లవుతుంది, అప్పుడు నిర్ణయం నాదే. "ఇక్కడ మూత విప్పుతామని ఎవరైనా అంటే ఇవ్వకండి మేడమ్, ఫ్యాను కింద విప్పిన డిస్కును పైవాళ్లు కూడా ముట్టుకోరు" అన్నాడు. తనకు చేతకానిది ఏమిటో అడగకుండానే చెప్పిన రిపేరు దుకాణాన్ని నేను చూడటం అదే మొదలు.

నేను అక్కడే ఉండిపోయాను, అతనూ అభ్యంతరం చెప్పలేదు. మొదట చేసిన పని చూసి నాకు నవ్వొచ్చింది. నక్షత్రం తల ఉన్న సన్నని మరలు విప్పి, డిస్కు అడుగున ఉండే ఆకుపచ్చ బోర్డును తిప్పి చూపించాడు. బోర్డుకూ లోపలి హెడ్డుకూ సంబంధం కలిపే చిన్న చిన్న రేకు చుక్కలు వరుసగా నల్లబడి ఉన్నాయి. "బీచ్ ఊరు కదా" అంటూ సొరుగులోంచి తీసినది పెన్సిలు రబ్బరే. మెల్లగా, ఒక్కొక్క చుక్కనే తుడిచి, రబ్బరు పొట్టును కుంచెతో దులిపి, మళ్లీ బిగించాడు. నేను ర్యామ్‌కు చేసిన వైద్యమే. తుడవాల్సిన చోటు మాత్రం వేరు. దీనితోనే టిక్కుటిక్కు సగానికి సగం తగ్గింది. మిగతా సగం నిజమైన జబ్బు.

తరువాత డిస్కును విండోస్‌కు బదులు లినక్స్ ఉన్న యంత్రానికి తగిలించి దాని ఆరోగ్య పట్టిక తెరిచాడు. ప్రతి హార్డ్ డిస్కూ తన లోపాల చిట్టా తానే రాసుకుంటుందని, దానిని స్మార్ట్ అంటారని అప్పుడే తెలిసింది. చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల (డిస్కు మీది చిన్న చిన్న డేటా గదుల) గడిలో సున్నా ఉండాల్సింది, మూడంకెల సంఖ్య ఉంది. చెక్ డిస్క్‌కు ముందు అది ఎంత ఉండేదో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

అసలు పని డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో నడిచింది. అది ఫైళ్లను చూడదు. డిస్కు మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా ఉన్నది ఉన్నట్టు కొత్త డిస్కు మీద అచ్చు తీస్తుంది. మా 500 జీబీ డిస్కులో అలాంటి సెక్టార్లు 97,67,73,168. దెబ్బతిన్న చోటు తగలగానే మొండిగా అక్కడ కూర్చోకుండా దాటిపోయి, మంచి భాగమంతా ముందు భద్రం చేసుకుని, వదిలేసిన చోట్లకు తరువాత నిదానంగా, అవసరమైతే వెనకనుంచి ముందుకు, తిరిగి వస్తుంది. ఎక్కడెక్కడ ఏమి వదిలిందో ఒక చిన్న మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా, డిస్కు వేడెక్కి ఆపవలసి వచ్చినా, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టనక్కరలేదు. అనుభవజ్ఞులైన చేపలవాళ్లు వల తీసేటప్పుడు చిక్కుపడ్డ చోటు వదిలేసి ముందు చేపల్ని ఒడ్డుకు చేర్చుకుంటారే, అలా ఉంది ఆ పద్ధతి.

ఆ తెరను నేను మరిచిపోలేను. నల్లటి కిటికీలో అంకెలు మారుతుంటాయి: చేతికి వచ్చినది ఎంత, ఇంకా ముట్టుకోనిది ఎంత, చెడినది ఎంత, మిగిలిన సమయం ఎంత. మొదటి రెండు గంటల్లో తొంభై శాతం దాటింది, సెకనుకు అరవై డెబ్భై ఎంబీల వేగంతో. అక్కడ ఏదో చోట వేగం ఒక్కసారిగా కేబీల్లోకి పడిపోయింది. "మిగిలిన సమయం" గంటల నుంచి రోజుల్లోకి దూకింది. అతను పక్కన ఉన్న చిన్న బల్ల ఫ్యానును డిస్కు వైపు తిప్పి, "ఇక్కడినుంచి ఓపికే మేడమ్, మీరు ఇంటికి వెళ్లండి" అన్నాడు. ఆ మిగిలిన పది శాతానికి రెండు రాత్రులు పట్టింది. గురువారం సాయంత్రానికి మొత్తం డిస్కులో 38 ఎంబీ తప్ప అన్నీ కొత్త డిస్కు మీదికి వచ్చాయి. పాత డిస్కును అప్పుడే ఊడదీసి, వెండి రంగు కవరులో పెట్టి, పైన పెన్నుతో "ఆన్ చేయరాదు" అని రాసి నా చేతిలో పెట్టాడు. ఆ తరువాత జరిగినదంతా కాపీ మీదే.

పనిముట్లు ఉచితమైనప్పుడు 5,500 దేనికని మా వారు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. డీడీరెస్క్యూను ఎవరైనా దించుకోవచ్చు. అయితే అందులో మూలం డిస్కు పేరూ గమ్యం డిస్కు పేరూ తారుమారు చేసి కొడితే ఖాళీ డిస్కును తెచ్చి నిండు డిస్కు మీద అచ్చు వేసుకున్నట్టవుతుంది, దానికి ఇక మందు లేదు. నా చేత్తో నేను ఆ ఆజ్ఞ కొట్టే ధైర్యం చేయను.

కాపీలోంచి ఫైళ్లు తీయడం శుక్రవారం సగం రోజులో అయిపోయింది. విండోస్ ఏ ఫైలు ఎక్కడ ఉందో రాసుకునే ప్రధాన పట్టిక చాలావరకు నిలబడి ఉండటంతో ఫోల్డర్లు పేర్లతో సహా వచ్చాయి. "శుభలేఖలు 2009 మాఘం" అన్న ఫోల్డర్‌ను నేను పెట్టిన పేరుతోనే చూసినప్పుడు కుర్చీలో వెనక్కి వాలాను. చెక్ డిస్క్ చేసిన ఘనకార్యం మరొకచోట కనిపించింది: పేరు ఊరు లేని ఫైళ్లు కొన్ని వందలు ఒకే సంచిలో కుక్కినట్టు పడి ఉన్నాయి. వాటికీ, పట్టిక చెడిన చోట ఉన్నవాటికీ ఫోటోరెక్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేరు వాడాడు. అది పట్టికలతో పనిలేకుండా నేరుగా డేటాను తవ్వుతుంది. ప్రతి రకం ఫైలుకూ మొదట్లో ఒక ఆనవాలు ఉంటుంది, జేపెగ్ ఫోటో అయితే ఎఫ్‌ఎఫ్, డీ8 అనే రెండు బైట్లతో మొదలవుతుంది, దాన్ని పట్టుకుని ఫైలును బయటికి లాగుతుంది. పేర్లు మాత్రం రావు. ఎఫ్ అక్షరం, దాని పక్కన ఒక పొడవాటి అంకె, అంతే. అలాంటి ఫోటోలు రెండు వేలకు పైగా వచ్చాయి.

వాటిని చూసి నేను తల పట్టుకుంటే, కెమెరా ఫోటో లోపలే తీసిన తేదీని రాసి పెడుతుందని చెప్పి, తేదీల వరుసలో సర్ది ఇచ్చాడు. దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు. స్క్రోలు చేస్తుంటే 2014 అక్టోబరు మధ్యలో ఒక గుత్తి ఆగింది: మా వీధిలో విద్యుత్ తీగల మీదికి ఒరిగిన వేపచెట్టు, సెంటర్ షట్టరు కిందినుంచి లోపలికి వచ్చిన నీళ్లు, తడిసిన కాగితం రీముల్ని మేడమీద ఆరబెట్టిన మా అత్తగారు. ఆ ఫోటోలు ఉన్నాయన్న సంగతే నేను మరిచిపోయాను. నేను రాసిచ్చిన ఐదు ఫోల్డర్లలో అవి లేవు.

ఇక ఫిర్యాదులు. మొదటిది పనిలోనే ఉంది. శనివారం డిస్కు ఇంటికి తెచ్చి, మా అబ్బాయి కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ వేయించి, ఒక శుభలేఖ తెరిచాను. ఫాంట్లు లేవు, బదులుగా వేరేవి వాడమంటారా అని ఒక పెట్టె వచ్చింది, సరే అన్నాను. గణపతి బొమ్మ కింద "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" ఉండవలసిన చోట ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న యూరప్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు కలగాపులగంగా కనిపించాయి. పాత తెలుగు ఫాంట్ల సంగతి తెలిసినవారికి ఇది వింత కాదు. ఫైలులో నిజంగా ఉన్నవి ఆ ఇంగ్లీషు గుర్తులే, వాటిమీద తెలుగు రూపాన్ని తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు విండోస్ ఫోల్డర్ లోపల, ఫాంట్స్ అనే చోట ఉంటుంది. దుకాణంవాళ్లు డి డ్రైవ్ అంతా, డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు తీసి, విండోస్ ఫోల్డర్‌ను ఎవరికీ అక్కరలేని చెత్తగా భావించి వదిలేశారు. అను ఫాంట్లలో టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ ఉన్న ప్రోగ్రామ్ ఫోల్డర్‌దీ అదే గతి. అచ్చు పనివాళ్ల డిస్కు అని తెలిసినప్పుడు ఈ ప్రశ్న వాళ్లు అడిగి ఉండాల్సింది. నేను చెప్పి ఉండాల్సింది కూడా. మొత్తం అచ్చును వారం రోజులు తమ దగ్గర ఉంచి తరువాత చెరిపివేస్తామని కాగితంలో రాసి ఉండబట్టి బతికిపోయాను. ఆదివారం సెలవు కనుక సోమవారం మళ్లీ మెట్లెక్కి ఫాంట్లు తెచ్చుకున్నాను. పదిహేను నిమిషాల పని, డబ్బు అడగలేదు. పాత డీటీపీ ఫైళ్లున్నవారు ఎక్కడికి వెళ్లినా ఫాంట్స్ ఫోల్డర్ పేరును మొదటి వరుసలోనే రాయించండి.

రెండోది ఇంకా గట్టి ఫిర్యాదు. నేను బల్ల పక్కన కూర్చున్నప్పుడు రెండో మానిటర్ మీద మరెవరిదో డిస్కు తెరిచి ఉంది, వాళ్లింటి సీమంతం ఫోటోలు చిన్న చిన్న గళ్లలో వరుసగా కనిపిస్తున్నాయి. ఎవరో తెలియని ఆడపిల్ల ముఖం నేను చూడాల్సిన అవసరం ఏముంది? చెప్పగానే క్షమించమని మానిటర్ ఆపేశాడు, కానీ నేను లేనప్పుడు మా ఇంటి ఫోటోలను కూడా మరొక కస్టమర్ అలాగే చూసి ఉంటారన్న ఆలోచన పోలేదు. ఇంత జాగ్రత్తగా కాగితాలు రాయించే దుకాణం ఒక తెర అడ్డం పెట్టుకోలేదా? ఇది తప్ప, ఫోను ఒక పట్టాన ఎత్తకపోవడం, బిల్లు అడిగితేగాని ఇవ్వకపోవడం వంటివి మన ఊళ్లో అన్నిచోట్లా ఉన్నవే.

వీళ్ల మీద నా నమ్మకం గట్టిపడింది మా పని వల్లకాదు, మా మేనల్లుడి పని వల్ల. సోమవారం ఫాంట్లకోసం వెళ్తుంటే వాడూ తన లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. అప్‌డేట్ తరువాత విండోస్ లేవడం లేదు, నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. గాజువాకలో ఒకచోట డిస్కు లాక్ అయింది, మూడు వేలిస్తే తీస్తామన్నారట. ఇక్కడి కుర్రవాడు లాప్‌టాప్ అందుకోను కూడా లేదు. "ఇది బిట్‌లాకర్, డిస్కుకు విండోస్ వేసే తాళం. ఆ కీ లేకుండా ఎవరూ తీయలేరు, తీస్తామన్నవాళ్లు ఫార్మాట్ చేస్తారు. నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్‌లో లాగిన్ అయి చూడు, కీ అక్కడే ఉండే అవకాశం ఉంది" అన్నాడు. మెట్ల మీద నిలబడి వాడు ఫోన్‌లో చూస్తే కీ ఉంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, నేను చదువుతుంటే వాడు కొట్టాడు, లాప్‌టాప్ లేచింది. ఆ దుకాణానికి దక్కినది ఏమీ లేదు.

అక్కడే మరో మాట కూడా చెప్పాడు. మా పాత డిస్కులాంటివి చప్పుడు చేసి హెచ్చరిస్తాయి, చెరిపేసిన ఫైళ్లు కూడా వాటిలో కొంతకాలం మిగులుతాయి; తిరిగే పళ్లెం లేని ఇప్పటి ఎస్‌ఎస్‌డీ డిస్కులు చప్పుడు చేయవు, పైగా ఫైలు చెరిపిన కాసేపటికే ట్రిమ్ అనే ఏర్పాటు ఆ గదులను నిజంగానే ఖాళీ చేసేస్తుంది. కనుక ఎస్‌ఎస్‌డీలోంచి చెరిపేసిన ఫైళ్లకోసం వచ్చేవారిలో చాలామందికి మొదటి నిమిషంలోనే కాదని చెప్పి పంపేస్తాడట. పరీక్ష రుసుము కూడా తీసుకోకుండా.

ఎవరు ఈ దుకాణానికి వెళ్లాలి, ఎవరికి అవసరం లేదు అన్నది కూడా రాయడం న్యాయం. కంప్యూటర్ లేవనంత మాత్రాన డిస్కు పోయినట్టు కాదు. ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, మదర్‌బోర్డు, లేదా ఒట్టి విండోస్ చెడినా మనకు కనిపించేది అదే నల్లతెర. శబ్దం లేకుండా డిస్కు సాఫీగా తిరుగుతుంటే, దాన్ని ఊడదీసి సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో మరొక కంప్యూటర్‌కు తగిలించుకుంటే ఫైళ్లు మనమే తీసుకోవచ్చు. లాప్‌టాప్ డిస్కుకు ఆ కేబుల్ కరెంటే చాలు, డెస్క్‌టాప్ డిస్కుకు మాత్రం 12 వోల్టుల అడాప్టర్ విడిగా ఉన్న రకం కొనాలి. విప్పడం ఇష్టం లేకపోతే పెన్ డ్రైవ్‌లో ఉబుంటు అనే ఉచిత లినక్స్ వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్నదే నొక్కి లేపి, ఫైళ్లను బయటి డిస్కులోకి లాక్కోవచ్చు. మా అబ్బాయి తన స్నేహితుడికి ఒక గంటలో అలాగే చేసిపెట్టాడు. తగిలించగానే విండోస్ "ఈ డిస్కును వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని పెట్టె చూపితే మాత్రం క్యాన్సిల్ కొట్టి ఆపేయండి. టిక్కుటిక్కు వినిపించినా అంతే, రెండోసారి ఆన్ చేయకుండా ద్వారకానగర్ వెళ్లండి.

మాకు మొత్తం అయినది జీఎస్‌టీతో కలిపి 6,490 రూపాయలు, కొత్త డిస్కు ఖర్చు వేరు. మంగళవారం ఇస్తే శనివారం చేతికి వచ్చింది, ఫాంట్లకోసం ఇంకొక పూట. రాని 38 ఎంబీలో ఏమున్నదీ ఒక జాబితా అచ్చు తీసి ఇచ్చారు. దాంట్లో ఎక్కువ భాగం విండోస్‌కు సంబంధించిన ఫైళ్లే. మాకు తెలిసినవి పదకొండు. పది పాత డ్రాఫ్టులు. పదకొండోది మా వీధి వినాయక చవితి కమిటీ రసీదు పుస్తకం. చవితి దగ్గరపడుతుండటంతో కమిటీ కుర్రాళ్లు అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లారు. కిందటేడు మిగిలిన ఒక పుస్తకం వాళ్ల దగ్గరే దొరికితే, అది ముందు పెట్టుకుని మళ్లీ కొట్టాను. అరగంట పట్టింది, కోశాధికారి పేరు ఎలాగూ మార్చాల్సిందే.